మోకాలికి లేని కట్టు

9 ఆగస్టు 1982, సోమవారం

ఎరువుల దుకాణంవాడు జనవరిలో ఇచ్చిన డైరీ ఇన్నాళ్లూ బియ్యం డబ్బాకు మూతగా ఉంది. ఈ రోజు దులిపి తీశాను. పదో తరగతి తప్పినవాడికి డైరీ ఏందని చిలుకమ్మ నవ్వింది. నవ్వనీ. ఈ రోజు విన్నది రాసి పెట్టుకోకపోతే రేపటికి నేనే నమ్మను.

హనుమకొండలో లక్ష్మీనారాయణ సారు నా కాలి ఎక్స్‌రే కిటికీ వెలుగుకు పెట్టి చూపించాడు. రెండేళ్ల కింద వానలో తాటిచెట్టు మీది నుంచి జారినప్పుడు చీలమండ లోపల ఎముక మీది గుజ్జు ఒకచోట పెచ్చు ఊడినట్టు ఊడిందట. (జారాను. పడలేదు. ఎనిమిది అడుగుల నుంచి వస్తే దాన్ని పడటం అనరు.) మా ఊరి పక్కన కట్లు కట్టే ఆయన మూడు నెలలు ఆకు కట్టు కట్టి, అంతా అతికిందన్నాడు. ఎముక అతుకుతుంది గానీ గుజ్జు అతకదని సారు అంటున్నాడు. అందుకే చెట్టు మీద పాదం లోపలికి తిప్పి అదిమినప్పుడల్లా సూది దిగుతుంది. సాయంత్రానికి కాలు బన్ను రొట్టెలా వాస్తుంది.

రెండు దారులు చెప్పాడు. ఒకటి, మిగిలిన గుజ్జంతా గీకేసి చీలమండ ఎముకల్ని ఒకదానికొకటి అతికించెయ్యడం. నొప్పి పోతుంది, దాంతోపాటు కీలు కూడా పోతుంది. పాదం ఇక పైకీ కిందికీ వంగదు. రెండోది, మోకాలి పక్కన బరువు పడని చోటు నుంచి గుజ్జుతో సహా చిన్న ఎముక ముక్క తీసి, చీలమండలో ఆ గుంటలో నాటడం. ఆయన బొంబాయిలో చూసి నేర్చుకొచ్చాడట. ఇక్కడ ఇంకా ఎవరికీ చెయ్యలేదు. నేనే మొదటివాణ్ని అవుతాను.

"నాటింది పట్టుకుంటె చెట్టెక్కొచ్చా సార్?"

"పట్టుకుంటే ఎక్కవచ్చు. పట్టకపోతే ఇప్పటికంటే నొప్పి ఎక్కువవుతుంది. సగం సగం."

"అయితె గదే చెయ్యిన్రి. వంగని కాలు నాకెందుకు సార్? దండెం కట్టుకుంటనా దానికి?"

సారు నవ్వాడు. మా అన్న యాకయ్య, చిలుకమ్మ నా వెనకే నిలబడి అంతా విన్నారు. ఇద్దరూ ఏమీ అనలేదు. అన్న మామూలుగానే మాట్లాడడు. చిలుకమ్మ మాట్లాడకపోవడం మాత్రం మా పెళ్లయిన పదకొండేళ్లలో మొదటిసారి.

12 ఆగస్టు, గురువారం

చిలుకమ్మ మళ్లీ మొదలుపెట్టింది. "ఇంక తాళ్లెక్కుడు వద్దయ్యా. అన్నతోని మండువల కూసోని కల్లు పొయ్యి. ఎవలన్న నిన్ను ఏమంటరు?"

మా మామ, అంటే వాళ్ల నాయన, చెట్టు మీది నుంచి పడి చనిపోయినప్పుడు ఆమెకు తొమ్మిదేళ్లు. ఆయన దించే కల్లు లొట్టి అందుకోవడానికి చెట్టు కిందే నిలబడి ఉందట. నాకు తెలుసు. ఊరంతటికీ తెలుసు. కానీ మామ నడుముకు వేసుకుని ఎక్కిన మోకు పాతది, చీకి ఉంది. నాది కొత్తది. ఈ మాట చెప్పినప్పుడల్లా లేచి వెళ్లిపోతుంది.

మండువలో తాగేవాళ్లకు కల్లు పొయ్యడానికి నేనెందుకు, చేతులున్న ఎవడైనా చాలు. పద్నాలుగు తాటిచెట్లు నావి. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి ఎక్కి గెల చివర పలచగా చెక్కుతాను. ఒక్కో గెలకు ఒక్కో చెయ్యి కావాలి. పొట్టి చెట్టుకు తేలిగ్గా, గుట్ట పక్క చెట్టుకు కొంచెం గట్టిగా. చెట్టు మీద ఉన్నంతసేపు నన్ను ఎవడూ పైనుంచి చూడలేడు. ఇది చిలుకమ్మకు చెబితే, "పైనుంచి దేవుడు సూస్తాండు" అంటుంది.

నేను దవాఖానలో ఉన్నన్నాళ్లు నా చెట్లు అన్న గీస్తాడు. మాలో ఒకడు మంచాన పడితే ఇంకొకడు గీయడం ఎప్పటి నుంచో ఉన్నదే. అడగాల్సిన పని కూడా లేదు.

17 ఆగస్టు, మంగళవారం

చేరాను. సారు సొంత దవాఖాన, పది మంచాలు. ఒక కాగితం మీద నా సంతకం తీసుకున్నారు. పూర్తి పేరు రాసి కింద గీత కూడా గీశాను. సారు కాగితం మీద మోకాలు బొమ్మ, చీలమండ బొమ్మ గీసి, ఇక్కడి నుంచి ఇక్కడికి అని బాణం వేసి చూపించాడు. ఆ కాగితం అడిగి తీసుకున్నాను. డైరీలో పెట్టాను.

పక్క మంచం లియాఖత్ అలీ. బస్సు డిపోలో మెకానిక్. కాలి మీద ఇంజను పడి పిక్క ఎముక విరిగింది. రెండోసారి ఆపరేషన్ చేయించుకుని పడుకున్నాడు. "ఫికర్ చెయ్యకు ఉప్పలయ్య భాయ్. సారు పానా పట్టుకున్నడంటె బోల్టు బిగిసినట్టే" అన్నాడు.

18 ఆగస్టు

రేపు పొద్దున. ఆకలిగా ఉంది, ఏమీ తినొద్దన్నారు.

21 ఆగస్టు, శనివారం

అయిపోయింది. బతికే ఉన్నాను.

మోకాలి కింద నుంచి వేళ్ల దాకా సిమెంటు పట్టీ. కానీ మోకాలికి కట్టు లేదు. చెయ్యిపెట్టి తడిమి చూసుకున్నాను, రెండు మోకాళ్లూ నున్నగా ఉన్నాయి. కట్టు నడుము పక్కన, తొంటి ఎముక మీద ఉంది. మంటంతా అక్కడే.

చిలుకమ్మను అడిగాను. గ్లాసు కడుగుతూ, "సారుకు గక్కడనే మంచిగ దొరికిందట" అంది.

మోకాలి దగ్గర బాగుండి ఉండదు. లోపల చూస్తే గానీ ఏది ఎలా ఉందో ఎవరికి తెలుస్తుంది? నడుము ఎముక పెద్దది, గుజ్జు కూడా ఎక్కువే ఉంటుంది. నాకు మోకాలు మిగిలింది. ఒక రకంగా లాభమే.

24 ఆగస్టు, మంగళవారం

సారు వచ్చి పట్టీ మీద వేలితో కొట్టి బాగుందన్నాడు. నేను నోరు తెరిచేలోపు అన్నను వరండాలోకి తీసుకుపోయాడు. చాలాసేపు మాట్లాడారు. అన్న తిరిగొచ్చి, "మూణ్నెళ్లు కట్టు ఉంచాల్నట" అన్నాడు. అంతసేపు మాట్లాడింది ఇదేనా? కావచ్చు. అన్నకు ఒక మాట రెండుసార్లు చెబితే గానీ ఎక్కదు.

ఎక్కడైనా ఇంతే. డాక్టర్లు మంచం మీదున్నవాడితో మాట్లాడరు, వెంట వచ్చినవాళ్లతో మాట్లాడతారు. మా నాయన గొంతులో పుండు పుట్టినప్పుడు నేనూ అన్నా అదే చేశాం. చెప్పొద్దని డాక్టరు చేతులు పట్టుకున్నాం. నాయన చివరి వారం దాకా, పండగ కాగానే గుట్ట పక్కదాన్ని మొదలుపెడదామని అంటూనే ఉన్నాడు. ధైర్యంగా పోయాడు. మంచిపనే చేశాం.

2 సెప్టెంబరు

ఇంటికి వచ్చాం. జీపులో కాలు చాపుకోవడానికి చోటు లేక చిలుకమ్మ దాన్ని పరకాల దాకా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గుంత వచ్చినప్పుడల్లా నాకంటే ముందు ఆమె అబ్బా అంది.

14 అక్టోబరు, గురువారం

కట్టు లోపల దురద. ఎవరూ నా ముందు చెట్ల మాట ఎత్తడం లేదు. నేను ఎత్తితే అన్న బీడీ వెతుక్కుంటాడు. జాలిపడుతున్నారు కాబోలు. ఫిబ్రవరిలో చెట్టెక్కి చూపిస్తాను, అప్పుడు చూస్తాను వీళ్ల మొహాలు.

22 నవంబరు, సోమవారం

పట్టీ కోసేశారు. కాలు నాది కానట్టుంది, ఎండిన బెండకాయలా. వంచమని దానికి చెప్పాను. వేళ్లు కదిలాయి. చీలమండ కదల్లేదు.

"ఎప్పుడు వంగుతది సార్?"

సారు అన్న వైపు చూశాడు. అన్న గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. సారు, "తొందరపడకు ఉప్పలయ్యా. ముందు కర్రతో నడువు. మెల్లగా బరువు వెయ్యి" అన్నాడు. వెయ్యమన్నాడు కదా, అంటే నాటింది పట్టినట్టే. పట్టకపోతే వెయ్యమంటాడా?

1 డిసెంబరు

వేడినీళ్లు, నువ్వుల నూనె. పాదం గోడకు ఆనించి పొద్దున వందసార్లు, మాపున వందసార్లు నొక్కుతున్నాను.

6 డిసెంబరు

ఈ రోజు కొంచెం వంగింది.

7 డిసెంబరు

వంగింది వేళ్లే.

15 డిసెంబరు, బుధవారం

నొప్పి ఉంది, కానీ పాత నొప్పి కాదు. ఇది మొద్దు నొప్పి. నాటిన ముక్క కుదురుకుంటోందేమో. మొక్క నాటినా కొన్నాళ్లు వాడిపోయినట్టే ఉంటుంది. చిలుకమ్మకు చెబితే, ఊఁ అంది. ఈమధ్య నేను ఏం చెప్పినా ఊఁ అంటోంది. ఇంత మంచి భార్య నాకెప్పుడు వచ్చిందో తెలియడం లేదు.

10 జనవరి 1983, సోమవారం

కొత్త డైరీ ఎవరూ ఇవ్వలేదు. పాతదాంట్లో ఆగస్టు ముందరి పేజీలన్నీ ఖాళీయే. తేదీలు కొట్టేసి రాస్తున్నాను.

మధ్యాహ్నం అన్న సంతకు పోయాక మోకు భుజాన వేసుకుని పొట్టిదాని దగ్గరకు పోయాను. ఐదు నెలలు. చెట్టుకు చెంప ఆనించి కాసేపు నిలబడ్డాను, ఎవరూ చూడలేదు. మోకు తిప్పి కట్టాను. రెండు పాదాలనూ కలిపి బందం వేశాను. ఎడమ పాదం తనంతట తానే చెట్టును పట్టుకుంది. కుడిది పలకలా నిలబడింది. అరికాలు చెట్టుకు ఆనదు, మడమ ఒక్కటే తగులుతుంది. చేతుల బలంతో మనిషెత్తు పోయాను. తర్వాత జారాను. రొమ్ము మీద తోలు లేచిపోయింది.

చిలుకమ్మ చూసి కేక పెట్టింది. "అది ఇంక వంగదని ఎరికె లేదా? ఎందుకెక్కినవ్?"

నాకెలా ఎరుక? నాకు ఎవరు చెప్పారు? ఆమెకు ఎవరు చెప్పారు? అడిగాను. భయంతో నోటికి ఏదొస్తే అది అన్నానంది. నిజమే, భయంలో మనిషి ఏదైనా అంటుంది.

పసుపు పెట్టి లోపలికి పోయింది.

17 జనవరి, సోమవారం

లియాఖత్ అలీ వచ్చాడు. పరకాలలో చుట్టాలింటికి వచ్చి, నన్ను చూసిపోదామని మా ఊరి దాకా వచ్చాడు. చంకకర్ర పోయింది, మామూలుగా నడుస్తున్నాడు. ఇద్దరం అరుగు మీద కూర్చుని మచ్చలు చూపించుకున్నాం. చొక్కా ఎత్తి నడుము పక్క మచ్చ చూపించాడు. నాదీ చూపించాను. అదే చోటు, అదే పొడవు.

"నీకు గూడ గక్కడ్నే తీసిన్రా భాయ్? నీకు మోకాలు నుంచని చెప్పినవ్ గద?"

"సారుకు గక్కడ మంచిగ దొరికిందట."

అతను నవ్వు ఆపేశాడు. "నా పిక్క ఎముక అతుకుతలేదని తొంటి ఎముక గీకి విరిగినకాడ పెట్టిన్రు. సారు నాకు మంచిగ సమజ్ చేసి చెప్పిండు. గక్కడ ఉండేది ఉత్త ఎముకనే. గుజ్జు కీలుకాడనే ఉంటదట. గుజ్జు గావాల్నంటె గక్కడ తియ్యరు."

"మరి నాకు దేనికి తీసిన్రు?"

"జర సారునే అడుగు భాయ్. నేను బండ్లు రిపేర్ చేసెటోన్ని" అన్నాడు. చాయ్ సగం వదిలేసి బస్సుకు టైమయిందని లేచాడు. బస్సుకు ఇంకా గంట ఉంది.

18 జనవరి, మంగళవారం

ఎవరికీ చెప్పకుండా హనుమకొండ పోయాను. సారు నన్ను చూసి, వెంట ఎవరొచ్చారని అడిగాడు. నేనొక్కణ్నే అన్నాను. కుర్చీ చూపించాడు. అంతకుముందెప్పుడూ నాకు కుర్చీ చూపించలేదు.

ఆయన గీసిన బొమ్మ కాగితం బల్ల మీద పెట్టాను. "ఇది చేసిన్రా సార్?"

కొంచెంసేపు కాగితం చూశాడు. "లేదు" అన్నాడు.

రెండో దారి కాదు, మొదటి దారి. గుజ్జు గీకేసి, తొంటి ఎముక ముక్కలు మధ్యలో కూరి, చీలమండను అతికించేశాడు. నా కాలు ఐదు నెలల కిందే అయిపోయింది. గోడకు పెట్టి వందసార్లు నొక్కింది దాన్ని. నువ్వుల నూనె రాసింది దానికి.

"మీవాళ్లు ఆపరేషన్ రోజు పొద్దున నా దగ్గరకు వచ్చారు. ముక్క నాటితే మళ్లీ చెట్టెక్కుతాడు, ఎక్కితే చస్తాడు, అతికించెయ్యమని కాళ్లు పట్టుకున్నారు. నీకు వాళ్లే చెబుతామన్నారు. తెరిచి చూస్తే ముక్క నాటినా నిలిచేలా లేదని నాకూ అనిపించింది."

"అనిపిచ్చిందా, లేక నిజంగనే లేకుండెనా?"

ఆయన ఆ కాగితం మడిచి నా వైపు జరిపాడు. "అది ఇప్పుడు చెప్పలేను ఉప్పలయ్యా" అన్నాడు.

"నాకు ఇంజక్షన్ ఇయ్యక ముందు నన్ను అడగొచ్చు గద సార్? నేను గక్కడనే ఉన్న గద?"

ఫైలు తెప్పించాడు. నా సంతకం కాగితం అలాగే ఉంది, కింద గీతతో సహా. దాని మీద ఇంకో కాగితం గుండుసూదితో గుచ్చి ఉంది. దాని మీద ఒక వేలిముద్ర, పక్కన సారు రాత. యాకయ్య, రోగి అన్న.

లేచి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక గానీ, నా చేతిలో సారు పెన్ను ఉందని చూసుకోలేదు.

నా చెట్లు, అన్న చెట్లు ఒకే గట్టు మీద ఉంటాయి. ఐదు నెలలుగా మొత్తం ఆయనే గీస్తున్నాడు. ఆలోచిస్తే అన్నీ కలుస్తున్నాయి. క్యాలెండరు వైపు చూడటం, బీడీ వెతుక్కోవడం. నా అన్న. నా తోడబుట్టినవాడు. నేను మత్తులో పడుకుని ఉంటే వేలు సిరాలో ముంచి నా కాలు తీసేసుకున్నాడు.

19 జనవరి, బుధవారం

మండువలో పదిమంది తాగుతున్నప్పుడు పోయాను. కావాలనే అప్పుడు పోయాను.

"నా పద్నాలుగు తాళ్లు గావాల్నంటె అడగకపోయినవా అన్నా? ఇచ్చేటోన్ని గద. నా కాలు ఎందుకు మొద్దు చేయిస్తివి?"

అందరూ ఆకు దొప్పలు పట్టుకుని ఆగిపోయారు. అన్న లొట్టి కింద పెట్టాడు. కొట్టడానికి వస్తాడనుకున్నాను, రాలేదు. "నీకు గట్ల అనిపిస్తె గట్లనే అనుకో తమ్మీ" అన్నాడు. తుండు దులుపుకుని, ఇంకా తాగేవాళ్లుండగానే లేచి పోయాడు. ఒక్క మాట కూడా కాదనలేదు. కాదని ఎలా అంటాడు?

ఇరవై నాలుగు గంటలుగా మనసు మండుతోంది. అక్కడ అరిచాక కూడా చల్లబడలేదు.

20 జనవరి, గురువారం

అన్న కాదు.

పొద్దున చిలుకమ్మ నా ముందుకొచ్చి నిలబడింది. మండువ సంగతి నీళ్ల దగ్గర విన్నదట. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బావను అన్నవట. బావను ఎందుకన్నవ్? అడిగింది నేను."

నాకు అర్థం కాలేదు.

"సారు కాళ్లు పట్టుకున్నది నేను. బావ వద్దనే అన్నడు. తమ్మునికి చెప్పి చేద్దాం అన్నడు. చెప్తె నువ్వు ఒప్పుకుంటవా? ఆడిదాని వేలిముద్ర నడవది, మగమనిషిది గావాల్నని సారు అన్నడు. నేను బావ కాళ్లు గూడ పట్టుకున్న. గప్పుడు పెట్టిండు."

"ఎందుకే?"

"ఎందుకని నన్ను అడుగుతానవా?" అంది. అరవలేదు. "మా నాయిన పడ్డప్పుడు లొట్టి పగిలి కల్లు నా మీద పడ్డది. కల్లే అనుకున్న. తుడుసుకుంట సూస్తె కల్లు గాదు. నీకు గుట్ట పక్కది గావాలె. నాకు నువ్వు గావాలె. కుంటుకుంట ఉన్నా ఉంటవు గద."

"నాకు చెప్తె సరిపోతుండె గద."

"చెప్పిన. పదకొండేండ్ల సంది చెప్తనే ఉన్న. నువ్వు కొత్త మోకు అంటవు."

చెయ్యెత్తాను. కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదేమో, ఆమెకు కూడా. చెయ్యి దించి బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా అక్కడే ఉన్నాను.

కాలు నాది. నా కాలు గురించి అందరూ మాట్లాడుకున్నారు. సారు మాట్లాడాడు, అన్న మాట్లాడాడు, ఆమె మాట్లాడింది. గది బయట అందరికీ తెలుసు, లోపల నేనొక్కణ్నే వెర్రివాడిలా సంతకం కింద గీత గీసుకుని పడుకున్నాను. పరాయివాడు చేస్తే కోర్టుకు పోతాను. కాలు ఒళ్లో పెట్టుకుని గుంత గుంతకూ అబ్బా అన్న మనిషి మీద ఎక్కడికి పోను?

నాయన విషయం గుర్తొచ్చింది. అది వేరు. ఆయన ఎలాగూ పోయేవాడు.

అన్న దగ్గరకు పోవాలి. రేపు పోతాను.

21 జనవరి

పోలేదు.

24 జనవరి

కాలు నొప్పిగా ఉంది. పోలేదు.

1 ఫిబ్రవరి, మంగళవారం

ఆమెతో మాట్లాడటం మానేశాను. అన్నం పెడుతుంది, తింటాను. ఆమె కూడా ఏమీ అడగదు. రోజూ మాపున వేడినీళ్లు తెచ్చి నా ముందు కూర్చుంటుంది, పాదం ఒళ్లో పెట్టుకుని కాపడం పెడుతుంది. వద్దని లాక్కోవాలని ఉంటుంది. లాక్కోను. పెట్టనీ. తను చేసింది తన చేతుల్లో పట్టుకుని రోజూ చూడనీ.

ఆఖరున ఒకే ఒక్క మాట అడుగుతుంది. "నొస్తాందా?"

నొప్పి ఉంది కాబట్టి ఉందని తలూపుతాను. తలూపగానే ఆమె మొహం వాడిపోతుంది. అది చూడటానికే ఆ గంట కోసం ఎదురుచూస్తున్నానని ఇక్కడ తప్ప ఎక్కడా ఒప్పుకోను.

12 ఫిబ్రవరి

గుట్ట పక్కదాని కల్లు ఈ ఏడు బాగుందని ఊళ్లో అనుకుంటున్నారు. అన్న గీశాడు.

3 మార్చి, గురువారం

ఈ రోజు అన్న దగ్గరకు పోయాను. ఆరు వారాలు పట్టింది. మండువకు పోతే అక్కడ లేడు. చెట్ల దగ్గర ఉన్నాడన్నారు. గట్టు మీదుగా అంత దూరం నడిచాను. ఆయన పొట్టిదాని మీద ఉన్నాడు. దిగేదాకా కింద నిలబడ్డాను. అలా కింద నిలబడి చూడటం ఎలా ఉంటుందో నాకు ఇన్నేళ్లలో తెలియలేదు. మోకు బిగిసి చప్పుడైనప్పుడల్లా నా చేతులు ముందుకు పోయాయి.

దిగి, నన్ను చూశాడు.

"అన్నా, గా దినం అందరి ముందర..." అన్నాను.

"నన్నంటివి, ఆమెను అనలె. మంచిదే అయింది" అన్నాడు. లొట్టి నా చేతికిచ్చాడు. "పా, మండువల కూసుందాం. నేను గీస్త, నువ్వు పొయ్యి. నాకు లెక్కలు రావు."

లొట్టి తీసుకున్నాను. ఇద్దరం నడిచాం. నిండు లొట్టితో గట్టు దిగి, మాగాణి దాటి, మండువ దాకా. మాపటి దాకా నిలబడి కల్లు పోశాను.

ఇంటికి వస్తూ వాగు దగ్గర ఆగాను. పొద్దుటి నుంచి ఏదో మరిచిపోయినట్టు ఉంది, ఏమిటో తెలియలేదు. కాలు చూసుకున్నాను. వాపు లేదు. గట్టిగా నేలకేసి తన్నాను. ఇంకోసారి తన్నాను. నొప్పి లేదు. పాతదీ లేదు, మొద్దుదీ లేదు. రెండున్నరేళ్ల తర్వాత ఒక రోజంతా నొప్పి లేకుండా గడిపి, నాకే తెలియలేదు.

అక్కడే కూర్చుని ఏడ్చాను. సంతోషమో కోపమో చెప్పలేను. సారు చెప్పినట్టే అయింది. ఆమె కోరుకున్నట్టే అయింది. ఇంత నిలబడితే పాత కాలు బన్ను రొట్టె అయ్యేది. నాటిన ముక్క పట్టి ఉండేదా, సగం సగంలో నాది ఏ సగం, అది ఇక ఎప్పటికీ తెలియదు. తెలుసుకునే హక్కు నాది, అది పోయింది. నొప్పి పోయినంత మాత్రాన అది తిరిగి రాదు.

మా వాకిలి కనిపించగానే కుంటడం మొదలుపెట్టాను.

11 మార్చి, శుక్రవారం

ఎనిమిది రోజులుగా నొప్పి లేదు. ఎనిమిది రోజులుగా ఉందని తలూపుతున్నాను.

16 మార్చి, బుధవారం

పొద్దున లేచేసరికి చిలుకమ్మ ఇంట్లో లేదు. పుట్టింటికి పోయిందేమోననుకున్నాను. పోనీ అనుకున్నాను. మధ్యాహ్నం నుంచి వాకిట్లోనే కూర్చున్నాను.

మాపున వచ్చింది. కాళ్లకు దుమ్ము, కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఒక్కతే బస్సెక్కి హనుమకొండ పోయిందట. పరకాల దాటి ఆమె ఒంటరిగా ఎప్పుడూ పోలేదు.

"సారును అడిగిన" అంది. "అతికిచ్చింది ఇడగొట్టుమన్న. నా మోకాలు నుంచి గుజ్జు తీసి పెట్టుమన్న. ఒకలది ఒకలకు పెట్టరట. ఇడగొడితె గూడ మల్ల కీలు రాదట. నేను మస్తు అడిగిన అయ్యా. ఇంక కాదన్నడు."

కొంగుతో మొహం తుడుచుకుంది.

"నొప్పన్న పోతదనుకున్న. కీలు పోయినా నొప్పి పోతదని సారు చెప్పిండు, గందుకే చేయించిన. గది గూడ పోకపాయె. నేను తప్పు చేసిన. నీకు చెప్పకుంట చేసుడు తప్పు."

ఈ మాట కోసమే రెండు నెలలుగా ఎదురుచూశాను. ఆమె ఇలా అన్న రోజున మనసు చల్లబడుతుందనుకున్నాను. ఆ మాట నా ముందు వచ్చి పడింది, దాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు. చెబితే చాలు, నొప్పి లేదని. రెండు మాటలు. ఆమె ఇన్నాళ్లూ మోసింది దింపుకుంటుంది. దింపుకుంటే నేను మోసేది ఒక్కణ్నే మొయ్యాలి.

నీళ్లు కాచి తెచ్చింది. పొద్దుటి నుంచి ఆమె ఏమీ తిన్నట్టు లేదు. నా పాదం ఒళ్లో పెట్టుకుంది. గుడ్డ ముంచి, పిండి, వేడి చూసుకుని, చీలమండ మీద వేసింది. తల ఎత్తలేదు.

"ఇయ్యాల గూడ నొస్తాందా?"

"నొస్తాంది" అన్నాను. రెండు నెలల తర్వాత ఆమెతో నేనన్న మొదటి మాట అది.

ఆమె నమ్మింది.